రెండర్‌లో తప్పేమీ కనిపించట్లేదు, కానీ సైట్ ఫొటోలో పెడితే అతికించిన బొమ్మలా ఉంది

#1 ముప్పై_నలభై, మంగళవారం రాత్రి 11:48

అందరికీ నమస్తే. బెంగళూరులో ఒక చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో జూనియర్‌ని, చేరి ఎనిమిది నెలలైంది. ఇంటీరియర్ వ్యూలు ఓ మాదిరిగా చేస్తాను, బయటి వ్యూ నెత్తిన పడటం ఇదే మొదటిసారి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దగ్గర 30×40 సైట్, ఉత్తరం ఫేసింగ్, జీ ప్లస్ 2. క్లయింట్ అనంతపురం ఆయన, డ్రాయింగులు చూసి అర్థం కావట్లేదు అంటున్నారు, అందుకని వీధిలో నిలబడి ఫోన్‌తో తీసిన ఫొటోలో ఖాళీ సైట్ ఉన్నచోట ఇల్లు కట్టేసినట్టు చూపించాలి.

3డీ మోడల్ స్కెచప్‌లో, రెండర్ (ఆ మోడల్‌ని ఫొటోలాంటి బొమ్మగా తీయడం) వి-రేలో, అతికించడం ఫొటోషాప్‌లో. టెక్స్చర్లన్నీ 4కె. హెచ్‌డీఆర్‌ఐ (చుట్టూ ఉన్న ఆకాశం, వెలుగు పట్టుకున్న 360 డిగ్రీల ఫొటో) డోమ్ లైట్‌గా పెట్టాను, దాంతోపాటు వి-రే సన్ కూడా. రెండు రాత్రులు కూర్చుని నాయిస్ (బొమ్మలో గింజలు) అంతా పోయేదాకా రెండర్ చేశాను. పొద్దున మా సార్ చూసి, "పెళ్ళికి రాని మేనమామని తర్వాత ఫొటోలో అతికించినట్టుంది" అని వెళ్ళిపోయారు. ఏం మార్చాలో ఆయన చెప్పలేదు, నాకు తెలియట్లేదు. శుక్రవారం మధ్యాహ్నం క్లయింట్ వస్తున్నారు. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వేసే వెలుగు లెక్కలు) ఇంకా పెంచాలా, వేరే రెండర్ ఇంజిన్‌కి మారాలా? టెన్షన్‌గా ఉంది.

#2 కడప_కారం, మంగళవారం రాత్రి 11:57

బొమ్మ పెట్టకుండా ఏం చెప్తాం తమ్ముడూ, ఫోన్‌లో నాడి చూడమన్నట్టుంది. క్లయింట్ అడ్రస్ కనపడకుండా చూసుకుని పెట్టు.

#3 బెజవాడ_బ్యాచ్, బుధవారం ఉదయం 12:10

మీ సార్ మేనమామ డైలాగ్ మాత్రం సూపర్. దాచుకుంటున్నా, మా ఆఫీసులో వాడతా.

బ్లెండర్‌కి వచ్చేయ్ బ్రో, ఫ్రీ. 4.0 వెర్షన్ నుంచి ఏజీఎక్స్ అనే కొత్త కలర్ వ్యూ డిఫాల్ట్‌గా ఇస్తున్నారు, ఎండ పడ్డచోట తెలుపు ఫట్‌మని పేలిపోదు.

#4 ముప్పై_నలభై, బుధవారం ఉదయం 12:21

పెట్టాను, పైన అటాచ్‌మెంట్ చూడండి. ఇంటి నంబర్లు, బండి నంబర్లు చెరిపాను. ఎడమ పక్కన పసుపు ఇల్లు, కుడి పక్కన సగం కట్టిన అపార్ట్‌మెంట్, మధ్యలో మాది. ఫొటో మే 28న నేనే తీశాను, ఉదయం 10:10కి.

#5 కడప_కారం, బుధవారం ఉదయం 12:30

శుక్రవారం ప్రెజెంటేషన్ పెట్టుకుని బుధవారం సాఫ్ట్‌వేర్ మారమని చెప్పేవాణ్ణి (బెజవాడ బ్రదర్, నిన్నే) ఏమనాలి? ఇంజిన్ తప్పు కాదిది. బొమ్మలో ఏదో తిక్కగా ఉంది, కానీ నాకూ వెంటనే దొరకట్లేదు. ఎండనీడ మేడమ్‌ని పిలవండి ఎవరైనా.

#6 ఎండనీడ, బుధవారం ఉదయం 6:40

పిలిచారు కాబట్టి కాఫీ తాగుతూ చూశాను. బాబూ, నీ రెండర్ క్వాలిటీకి ఏ జబ్బూ లేదు, శాంపిల్స్ వదిలేయ్. పక్కనున్న పసుపు ఇంటి బాల్కనీ పెద్దది చేసి చూడు. గ్రిల్ నీడ గోడ మీద కిందికి జారుతూ కుడివైపుకి పడింది. కింద ఆగి ఉన్న స్కూటర్ నీడ కూడా కుడికే, కాస్త ఇంటివైపుకి. అంటే ఎండ ఎడమ నుంచి, బాగా పైనుంచి వస్తోంది, ఇళ్ళ ముఖాలకి తగులుతోంది. ఇప్పుడు నీ ఇల్లు చూడు. ముఖమంతా నీడ. ఒకే వీధి, ఒకే వరస, వాళ్ళకో సూర్యుడు, నీకో సూర్యుడు.

ఇంకో సంగతి, నీ గేటు పక్కన పూలకుండీకి రెండు నీడలున్నాయి, ఒకటి ముదురు, ఒకటి పలచన. హెచ్‌డీఆర్‌ఐలో ఆల్రెడీ ఒక సూర్యుడు ఉన్నాడు, దాని మీద నువ్వు ఇంకో సన్ పెట్టావు. చూసేవాళ్ళకి ఇవేవీ మాటల్లో తెలియవు, కానీ కన్ను ఊరుకోదు. మీ సార్‌కి అనిపించింది అదే.

#7 ముప్పై_నలభై, బుధవారం ఉదయం 8:15

మేడమ్, థాంక్స్. రెండు నీడలు ఇప్పుడే చూశాను, సిగ్గుగా ఉంది. కానీ మొదటిది అర్థం కాలేదు. ఇది ఉత్తరం ఫేసింగ్ కదా, ముందువైపు ఎండ రాదు కదా? క్లయింట్‌కి కూడా మేం అదే చెప్పాం, ఉత్తరం ఇల్లు చల్లగా ఉంటుందని.

#8 ఎండనీడ, బుధవారం ఉదయం 8:52

ఇది చాలామంది చేసే పొరపాటే, ఎందుకంటే మనం చదివే పుస్తకాలూ చూసే ట్యుటోరియల్సూ ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్ళవి. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణంలోనే ఉంటాడు. మన బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, కర్కాటక రేఖ 23.5 దగ్గర. అంటే సూర్యుడు ఉత్తరానికి నడిచేటప్పుడు మనల్ని దాటుకుని వెళ్ళి మళ్ళీ దాటుకుని వెనక్కి రావాలి. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదుంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు ఆ కాసేపు. కోరమంగళలో ఆస్ట్రోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పిల్లల్ని పిలిచి చూపిస్తారు కూడా. ఆ రెండు తేదీల మధ్య దాదాపు నాలుగు నెలలు మధ్యాహ్నం ఎండ మనకి ఉత్తరం నుంచే.

మే 28 ఉదయం 10:10కి బెంగళూరులో సూర్యుడు సుమారు 58 డిగ్రీల ఎత్తులో, తూర్పుకి 20 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరం గోడకి ఆ ఎండ నేరుగా కాదు, పక్కనుంచి గీరుకుంటూ తగులుతుంది. గోడ అందం బయటపడేది ఆ గీరుడు ఎండలోనే. గోడలోంచి 50 మిల్లీమీటర్లు ముందుకొచ్చిన పట్టీ ఉందనుకో, దాని కింద దాదాపు పావు మీటరు నీడ పడుతుంది. నీ ఎలివేషన్‌లో అలాంటి గ్రూవులు, పట్టీలు ఎన్ని ఉన్నాయి! అన్నిటినీ నీడలో ముంచి చప్పిడి కూర చేశావు.

ఒక పని చెయ్. స్కెచప్‌లో మోడల్ ఇన్ఫో తెరిచి జియో-లొకేషన్ దగ్గర ఏముందో చూసి చెప్పు.

#9 ముప్పై_నలభై, బుధవారం ఉదయం 9:30

బౌల్డర్, కొలరాడో అని ఉంది.

#10 బెజవాడ_బ్యాచ్, బుధవారం ఉదయం 9:33

హహహహ. తెలుగువాడి ఇల్లు కదా, వీసా కూడా లేకుండా అమెరికా వెళ్ళిపోయింది.

#11 ఎండనీడ, బుధవారం ఉదయం 9:41

నవ్వకండి, స్కెచప్‌లో లొకేషన్ పెట్టకపోతే అదే డిఫాల్ట్, నేను కూడా చేరిన కొత్తల్లో ఒక స్కూల్ బిల్డింగ్‌ని ఆర్నెల్లు అక్కడే ఉంచాను. బౌల్డర్ 40 డిగ్రీల అక్షాంశం. అదే తేదీ, అదే టైమ్‌కి అక్కడ సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు, అందుకే నీ ఇంటి ముఖం నీడలోకి పోయింది. లొకేషన్ బెంగళూరుకి మార్చి, టైమ్ జోన్ ఐదున్నర ఉందో లేదో చూసి, మే 28, 10:10 పెట్టు. మోడల్‌లో ఉత్తరం ఎటుందో కూడా చూసుకో, కొంతమంది ప్లాన్‌లో రోడ్డు కిందికి వచ్చేలా తిప్పి గీసి ఉత్తరం సంగతి మర్చిపోతారు. తర్వాత మిగతా ఏ సెట్టింగూ ముట్టుకోకుండా చిన్న సైజులో ఒక రెండర్ కొట్టు. పసుపు ఇంటి గ్రిల్ నీడా, నీ బాల్కనీ నీడా ఒకే కోణంలో పడాలి. పడితేనే ముందుకి.

#12 ఓల్డ్_మద్రాస్_రోడ్, బుధవారం మధ్యాహ్నం 1:20

ఎండ సరిచేశాక కెమెరా కూడా చూసుకో బ్రదర్. ఫొటోలో ఫుట్‌పాత్ స్లాబుల గీత, నీ కాంపౌండ్ గోడ అడుగు గీత ఒకే చోటుకి పరుగెత్తట్లేదు, నీది కాస్త పైకి లేస్తోంది. ఇల్లు గాల్లో ఒక జానెడు తేలుతున్నట్టు ఉండటానికి కారణం అది.

స్కెచప్‌లోనే మ్యాచ్ ఫొటో ఉంది, లేదంటే ఎఫ్‌స్పై అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. రెండిట్లోనూ పని ఒకటే, ఫొటోలో నిజ జీవితంలో సమాంతరంగా ఉండే గీతలు పట్టుకోవాలి. రోడ్డు వెంబడి పోయేవి రెండు, రోడ్డుకి అడ్డంగా పోయేవి రెండు. పక్కింటి పిట్టగోడ, కిటికీ అడుగు, కాంపౌండ్ పైఅంచు ఇవన్నీ పనికొస్తాయి. చెట్లు, కరెంటు తీగలు పనికిరావు, తీగ ఎప్పుడూ వేలాడుతుంది. ఒక కొలత తెలిసిన వస్తువు కూడా కావాలి, సైట్‌కి వెళ్ళి పక్కింటి గేటు ఎత్తు టేపుతో కొలిచి తెచ్చుకో, అదే నీ స్కేలు.

ముఖ్యంగా, మ్యాచ్ చేసేముందు ఫొటోని క్రాప్ చేయొద్దు. లెన్స్ మధ్యబిందువు ఫొటో మధ్యలో ఉందని ప్రోగ్రామ్ అనుకుంటుంది, నువ్వు ఒక పక్క కోసేస్తే లెక్కంతా పోతుంది. 0.5 జూమ్‌లో తీసిన ఫొటో అయితే మర్చిపో, అంచులు సాగి ఉంటాయి. మెయిన్ లెన్స్‌తో, ప్రో మోడ్‌లో రా ఫైల్ తీస్తే మంచిది. మామూలు మోడ్‌లో ఫోన్ తనంతట తాను నీడలు తేల్చేసి, అంచులు చెక్కేసి, ఆకాశం నీలం చేసేసి ఇస్తుంది, తర్వాత నీ రెండర్‌ని దానికి కలపడం నరకం.

ఇక అద్దాలు. నీ మెట్ల దగ్గర నిలువు అద్దం ఉంది కదా, దాన్ని నేను 300 శాతం పెంచి చూశాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఇంటి అద్దంలో పచ్చిక మైదానం, వెనక పైన్ చెట్లు.

#13 కడప_కారం, బుధవారం మధ్యాహ్నం 1:31

ఈ ఒక్క పోస్టుకే థ్రెడ్ చదివిన డబ్బులొచ్చేశాయి. పైన్ చెట్లట!

#14 ముప్పై_నలభై, బుధవారం మధ్యాహ్నం 2:05

అది పాలీ హేవెన్ నుంచి దించుకున్న హెచ్‌డీఆర్‌ఐ అన్నా. ఫ్రీగా వాడుకోవచ్చు, ఆకాశం బాగుందని తీసుకున్నాను. అద్దంలో కనపడుతుందని తట్టలేదు.

#15 ఓల్డ్_మద్రాస్_రోడ్, బుధవారం మధ్యాహ్నం 2:40

సైట్ మంచిదే, నేనూ వాడతాను. కానీ కెమెరా వెనకాల ఏముందో అద్దం చెప్తుంది. మళ్ళీ సైట్‌కి వెళ్తావు కదా గేటు కొలవడానికి, మీ సైట్‌కి వీపు ఆనించి నిలబడి ఎదురింటి వరసని ఫొటో తీయ్. మోడల్‌లో రోడ్డుకి అవతల పెద్ద అట్టముక్కలాగా ఒక ప్లేన్ నిలబెట్టి దానికి ఆ ఫొటో వెయ్. కెమెరాకి కనపడదు, అద్దానికి కనపడుతుంది. పక్క పసుపు ఇంటిని కూడా ఊరికే ఒక డబ్బాలా కట్టి పసుపు రంగు వెయ్. నీ తెల్ల గోడ ఎడమ అంచుకి లేతగా పసుపు ఛాయ తగులుతుంది. ఎవరూ గమనించరు, కానీ ఇల్లు ఆ వీధిలో పుట్టినట్టు కూర్చుంటుంది.

#16 సున్నం_ఇటుక, బుధవారం సాయంత్రం 6:15

నేను సైట్ ఇంజినీర్ని, రెండర్లు చేయను, మీలాంటివాళ్ళు చేసినవి చూసి కట్టి తిట్లు తింటాను. ఆ హక్కుతో నాలుగు మాటలు.

కాంపౌండ్ గోడకి సాదరహళ్ళి రాయి వేశావు, సంతోషం, కానీ ఒక్కో రాయి మంచం అంత ఉంది. టెక్స్చర్ స్కేలు చూసుకో. ఇటుక క్లాడింగ్ కూడా అంతే. మన మామూలు ఇటుక 9 అంగుళాల పొడుగు, 3 అంగుళాల మందం, సిమెంటు జాయింటుతో కలిపి అడుగు ఎత్తులో మూడు వరసలు దాటి వస్తాయి. నీ బొమ్మలో అడుగుకి ఒకటిన్నర వరసే వచ్చింది, నేను లెక్కపెట్టాను. పోర్టికోలో 600×1200 టైల్ వేశామంటున్నావు, దాని జాయింట్లు కనపడట్లేదు, నేలంతా ఒకే అద్దంలా ఉంది. నిజంగా అయితే జాయింటు ఉంటుంది, నీళ్ళు పోవడానికి వాలు ఉంటుంది, టైల్‌కి టైల్‌కి మెరుపు కొంచెం తేడా ఉంటుంది.

అంచులు. పిట్టగోడ మూల కత్తితో కోసినట్టుంది. ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ ఎంత పనిమంతుడైనా మూల రెండు మూడు మిల్లీమీటర్లయినా గుండ్రం తిరుగుతుంది. ఆ గుండ్రం మీద సన్నటి వెలుగు గీత పడుతుంది, పొద్దుటి ఎండలో సైట్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది.

తెల్ల గోడకి ఎంత తెలుపు ఇచ్చావు?

#17 ముప్పై_నలభై, బుధవారం సాయంత్రం 6:50

255, 255, 255 ఇచ్చానండీ.

#18 పిక్సెల్_పంతులు, బుధవారం రాత్రి 7:25

అలా అయితే అది గోడ కాదు నాయనా, ట్యూబ్‌లైట్. పడ్డ వెలుగునంతా తిరిగిచ్చే గోడ లోకంలో లేదు, మంచి తెల్ల పెయింట్ కూడా సుమారు 80 శాతమే ఇస్తుంది. నేను తెల్ల గోడలకి 220 దాటనివ్వను, అదీ కాస్త పసుపు కలిపి. ఎండ తగిలితే అదే తెలుపవుతుంది.

#19 బెజవాడ_బ్యాచ్, బుధవారం రాత్రి 7:40

గోడకి కొంచెం మురికి కూడా కొట్టు బ్రో. సన్‌షేడ్ మూలల్లో వాన నీళ్ళ చారలు, అడుగున ఎర్రమట్టి చిందినట్టు. రియలిజం అదిరిపోతుంది.

#20 సున్నం_ఇటుక, బుధవారం రాత్రి 7:52

కోటి రూపాయలు పెట్టి కట్టుకుంటున్న మనిషికి గృహప్రవేశం కాకముందే చారలు పడ్డ ఇల్లు చూపిస్తావా? నీటి చారలు పడ్డాయంటే సన్‌షేడ్ కింద నీళ్ళు తెంపే గాడి పెట్టలేదని అర్థం, అది నా తప్పు అవుతుంది. కొత్త ఇల్లు కొత్తగానే ఉండాలి. కావాలంటే మెరుపులో తేడా చూపించు, అంతే.

#21 ఎండనీడ, బుధవారం రాత్రి 9:05

ఇటుక గారితో ఏకీభవిస్తాను. మురికి కంటే చెట్టు నీడ ఎన్నో రెట్లు నయం. కెమెరా వెనకాల, ఫ్రేమ్‌లో కనపడకుండా, ఎడమవైపు ఒక చెట్టు మోడల్ పెట్టు, దాని ఆకుల నీడ కాంపౌండ్ మీదా రోడ్డు మీదా చుక్కలు చుక్కలుగా పడనివ్వు. బెంగళూరు పాత లేఅవుట్లలో వెలుగంటే అదే కదా. చెట్టు కూడా ఇక్కడిదే చూసుకో. కానుగ, వాన చెట్టు, గుల్‌మొహర్, ఆకాశమల్లి. మే నెల ఫొటోలో గులాబీ రంగు టబెబూయా విరగబూసినట్టు పెట్టకు, అది మే రాకముందే హడావుడి ముగించేసే రకం, ఊళ్ళోవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

మనుషుల విషయంలోనూ అంతే. నీ ఫుట్‌పాత్ మీద ఓవర్‌కోటు వేసుకున్న తెల్ల దొరసాని కుక్కని తిప్పుతోంది. మే నెలలో ఓవర్‌కోటు ఎందుకమ్మా ఆవిడకి? మీ వీధిలోనే పాలప్యాకెట్లు తీసుకెళ్ళేవాళ్ళో, స్కూటర్ తుడిచే పెద్దాయనో ఉంటారు, అడిగి, ఒప్పుకుంటే వీపువైపు నుంచి ఫొటో తీసుకో. అదే ఎండలో తీస్తే నీడ కూడా సరిగ్గా ఉంటుంది.

#22 పిక్సెల్_పంతులు, బుధవారం రాత్రి 10:30

ఎండ, కెమెరా, అద్దం అయ్యాయి. ఫొటోషాప్ భాగం నాకు వదలండి, ఇరవై ఏళ్ళుగా పెళ్ళి ఆల్బమ్‌ల నుంచి బిల్డింగుల దాకా అతికించడమే నా బతుకు. మేనమామల్ని కూడా అతికించాను.

రెండర్‌ని జేపీఈజీగా బయటికి తీయకు. ఈఎక్స్‌ఆర్‌గా తీయ్, దాంట్లో క్రిప్టోమాట్ (ఒక్కో వస్తువుకీ విడి మాస్క్), రిఫ్లెక్షన్, జెడ్-డెప్త్ (కెమెరా నుంచి దూరం) ఎలిమెంట్లు కూడా పెట్టుకో. రేపు క్లయింట్ "గేటు రంగు మార్చండి" అంటే మళ్ళీ రాత్రంతా రెండర్ పెట్టక్కర్లేదు, క్రిప్టోమాట్‌తో గేటు ఒక్కటీ సెలెక్ట్ అయిపోతుంది, ఊచల మధ్య సందులతో సహా.

రంగు కలపడానికి ఒక పద్ధతి చెప్తాను, ఇది మాత్రం నిదానంగా చదువు. రెండర్‌ని ఫొటో మీద పెట్టాక రంగుల్లో చూడటం మానేయ్. ఛానెల్స్ ప్యానెల్‌కి వెళ్ళి ఎరుపు ఒక్కటే ఆన్ చెయ్. తెరంతా బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. ఇప్పుడు పక్కింటి స్కూటర్ కింద నీడ ఎంత నల్లగా ఉంది, నీ గేటు కింద నీడ ఎంత నల్లగా ఉంది, రెండూ చూడు. కర్వ్స్‌లో ఎరుపు మాత్రం కదిపి రెండూ ఒకటి చెయ్. తర్వాత తెలుపులు కూడా అలాగే. అయ్యాక ఆకుపచ్చ ఛానెల్, తర్వాత నీలం. నీలం దగ్గరకొచ్చేసరికి ఆశ్చర్యపోతావు, నీ బొమ్మలో నీడలు చాలా నల్లగా ఉంటాయి, ఫొటోలో నీడలు తేలి బూడిదగా ఉంటాయి. పైనున్న ఆకాశం వెలుగు నీడల్లోకి దిగుతుంది కాబట్టి, గాల్లో దుమ్ము ఉంటుంది కాబట్టి. ఆ తేడా రంగుల్లో చూస్తే కన్ను మోసపోతుంది, ఒక్కో ఛానెల్‌లో దాక్కోలేదు. మూడూ సరిచేసి ఆర్‌జీబీ ఆన్ చేస్తే సగం అతుకు అప్పటికే మాయమవుతుంది.

మిగతా సగం పదును. ఫోన్ ఫొటోని 100 శాతంలో చూస్తే అంచులు ఒకటి రెండు పిక్సెల్స్ మెత్తగా ఉంటాయి, గింజలు గింజలుగా ఉంటుంది. నీ రెండర్ బ్లేడులా ఉంది. రెండు రాత్రులు కష్టపడి తీసేసిన నాయిస్‌ని ఇప్పుడు నువ్వే మళ్ళీ చల్లాలి. అర పిక్సెల్ బ్లర్, మీద కొంచెం గ్రెయిన్. ముందున్న కరెంటు తీగలు, చెట్టు కొమ్మ నీ ఇంటి మీదుగా రావాలి, వాటిని మాస్క్ చేసి వదులు. చెట్టు మాస్క్‌కి నీలం ఛానెల్ కాపీ చేసి లెవెల్స్ నొక్కు, ఆకాశం తెల్లగా, ఆకులు నల్లగా విడిపోతాయి, చేత్తో కత్తిరించే పని ఉండదు.

చివర్లో బొమ్మని అడ్డంగా తిప్పి చూడు. కన్నుకి అలవాటైపోయిన తప్పులు తిప్పితే పళ్ళికిలిస్తాయి.

#23 ఫ్లాట్_కొన్న_పాపం, గురువారం ఉదయం 7:10

మీ పాఠాలన్నీ బాగున్నాయి, కడుపు మండి రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ బ్రోషర్‌లో బాల్కనీ ఎదురుగా నీలాల చెరువు, కొంగలు. దిగాక చూస్తే అది మురుగు కాలువ, సాయంత్రం ఆరయితే కిటికీ తీయలేం. అడిగితే బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాల్లో "ఊహాచిత్రం" అని చూపించారు. మీలాంటివాళ్ళే ఎవరో ఏసీ గదిలో కూర్చుని కాలువని చెరువు చేశారు.

#24 బెజవాడ_బ్యాచ్, గురువారం ఉదయం 7:45

అన్నా, కంపెనీ పేరు మాత్రం ఇక్కడ వద్దు. కానీ మాకు చెప్పిందే మేం చేస్తాం కదా, చెరువు పెట్టమంటే చెరువు.

#25 ఎండనీడ, గురువారం ఉదయం 8:20

"చెప్పిందే చేస్తాం" అనే మాట నాకు నచ్చదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో సెక్షన్ 12 ఉంది. ప్రకటనలో గానీ బ్రోషర్‌లో గానీ మోడల్ ఫ్లాట్‌లో గానీ ఉన్న తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్ళకి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, కొనుక్కున్నాయన వెనక్కి తగ్గుతానంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగివ్వాలి. ఫ్లాట్ గారూ, మీ బ్రోషర్ కాగితం పారేయకండి, లాయర్‌కి చూపించండి.

నా లెక్క ఇది. అమ్మకానికి వాడే బొమ్మలో సైట్ బయట ఉన్నది ఏదీ తీసెయ్యను, లేనిది పెట్టను. ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఉంటుంది. మధ్యాహ్నం కాకుండా సాయంత్రం వెలుగులో చూపించమంటే చూపిస్తాను, అది అబద్ధం కాదు, సాయంత్రం రోజూ వస్తుంది.

#26 కడప_కారం, గురువారం ఉదయం 8:34

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో నేను ఒప్పుకోను మేడమ్. సొంత ఇల్లు కట్టుకునేవాడికి తన వీధి తెలుసు, తీగలు తీసేస్తే మోసపోయేదేమీ లేదు. అమ్మే బొమ్మ వేరు, కట్టుకునే బొమ్మ వేరు.

#27 ఎండనీడ, గురువారం ఉదయం 8:50

అక్కడ వేరే కారణానికి ఉంచుతాను. తీగ బాల్కనీకి ఎంత దూరంలో పోతోందో బొమ్మలో కనపడితే పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి.

#28 ఓల్డ్_మద్రాస్_రోడ్, గురువారం ఉదయం 9:15

ఇది వేరే థ్రెడ్ పెట్టుకుని కొట్టుకోండి, అబ్బాయికి ఇంకా ఒక్క రోజే ఉంది.

ఒక హెచ్చరిక, ఏఐ టూల్స్ గురించి. పోయినేడాది టైమ్ లేక ఒక రెండర్‌ని "రియలిస్టిక్‌గా చెయ్" అని ఒక టూల్‌కి ఇచ్చాను. చెట్లు, ఆకాశం అద్భుతంగా వచ్చాయి, నాలుగు రెక్కల కిటికీ ఐదు రెక్కలైంది. ఎవరం చూసుకోలేదు. క్లయింట్ ఆ బొమ్మ పట్టుకెళ్ళి కార్పెంటర్‌తో బేరమాడాడు. ఆకాశానికీ రోడ్డు మీద చెత్త తీయడానికీ వాడుకో, ఇంటి మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వకు.

#29 ముప్పై_నలభై, గురువారం మధ్యాహ్నం 3:30

అందరికీ అప్‌డేట్. లొకేషన్ మార్చగానే బాల్కనీ నీడ గ్రిల్ నీడతో కలిసిపోయింది, ఆఫీసులో కేక పెట్టాను. డోమ్‌లో సూర్యుడు లేని మబ్బు ఆకాశం పెట్టి, ఎండకి సన్ ఒక్కటే ఉంచాను. గేటు కొలిచాను, 5 అడుగుల 2 అంగుళాలు. ఎదురింటి వరస ఫొటో తీస్తుంటే ఒక ఆంటీ "కార్పొరేషన్ నుంచా?" అని అడిగి ఫుట్‌పాత్ స్లాబ్ విరిగిన సంగతి పది నిమిషాలు చెప్పారు.

ఇప్పుడు సమస్య, సిస్టమ్ ఆగిపోతోంది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఎస్‌పీ రోడ్‌కి వెళ్ళి కొత్త కార్డు కొనమంటారా? ఇంకో సంగతి, బొమ్మని ఏ3 ప్రింట్ తీయాలి, 1920×1080 సరిపోతుందా?

#30 పిక్సెల్_పంతులు, గురువారం మధ్యాహ్నం 3:48

జీతం కొత్త కార్డుకి పెట్టకు. 4096×4096 టెక్స్చర్ ఒక్కోటి మెమొరీలో విప్పితే 64 ఎంబీ దాకా తింటుంది, నువ్వు డోర్‌మ్యాట్‌కి కూడా 4కె వేశావు, నాకు తెలుసు. కెమెరాకి దూరంగా ఉన్నవన్నీ 1కె చెయ్, ఒక్కోటి పదహారో వంతుకి దిగుతుంది. చెట్లు ప్రాక్సీలుగా (మోడల్‌ని బరువెక్కించని తేలిక నకళ్ళుగా) పెట్టు.

ఏ3కి 300 డీపీఐ అంటే 4961×3508 కావాలి. చేత్తో పట్టుకుని చూసే ప్రింట్ కాకుండా గోడకి పెట్టి చూపించేదయితే సగం, 2480×1754 చాలు. 1920 మాత్రం చాలదు. ప్రింట్ ముదురుగా వస్తుంది, నీడలు కాస్త తేల్చి ముందు ఏ4లో ఒకటి తీసి చూసుకో. రాత్రి కరెంటు పోతుందేమో, రిజ్యూమబుల్ రెండరింగ్ ఆన్ చేసి పడుకో.

#31 ముప్పై_నలభై, శుక్రవారం రాత్రి 9:20

అయిపోయింది. ఏం జరిగిందో చెప్తాను.

మా సార్ పొద్దున ప్రింట్ చూసి మేనమామ ఊసెత్తలేదు, పక్కింటి పసుపు ఛాయ పడ్డచోట వేలుపెట్టి చూసి "ఊఁ" అన్నారు. మధ్యాహ్నం క్లయింట్, వాళ్ళ ఆవిడ వచ్చారు. బొమ్మ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆయన నేరుగా మెట్ల దగ్గరి నిలువు అద్దం మీద చెయ్యి పెట్టి, "దీని మీద ఎండ పడతాంది కదప్పా, ఉత్తరం ఇల్లు చల్లగుంటుందని మీరే కదా చెప్పింది?" అన్నారు. గది నిశ్శబ్దం. సార్ నన్ను చూశారు. నేను ఏప్రిల్ 24, ఆగస్టు 18, కర్కాటక రేఖ అన్నీ చెప్పేశాను, ఎండనీడ మేడమ్ పోస్ట్ అప్పజెప్పినట్టే. ఆవిడ అయితే ఆ అద్దంలో కనపడుతున్న ఎదురిల్లు చూసి, "వాళ్ళకి మన మెట్లు కనపడతాయా?" అని అడిగారు.

ఇప్పుడు ఆ అద్దం మీద సన్‌షేడ్ కావాలంట. ఎంత వేయాలి? అద్దం 10 అడుగుల ఎత్తు.

#32 ఎండనీడ, శుక్రవారం రాత్రి 9:55

బాగా చేశావు. 2 అడుగులు వేస్తే, ఆ ఫొటో తీసిన తేదీన పొద్దున 10 గంటల ఎండకి 9 అడుగుల పైనే నీడ వస్తుంది, దాదాపు అద్దమంతా. కానీ 7 గంటల ఎండ కిందుగా, తూర్పు పక్కనుంచి వస్తుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. అద్దానికి ఎడమ పక్కన నిలువు ఫిన్ (గోడలోంచి ముందుకొచ్చే పలక) ఒకటి వేయాలి. రెండూ మోడల్‌లో పెట్టి మే నుంచి జులై దాకా గంటగంటకీ నీడ చూసి మీ సార్‌కి చూపించు, ఈసారి ఆయన అడగకముందే.

#33 సున్నం_ఇటుక, శుక్రవారం రాత్రి 10:02

సన్‌షేడ్ కింద నీళ్ళు తెంపే గాడి గీయడం మర్చిపోకు.

#34 ముప్పై_నలభై, శుక్రవారం రాత్రి 10:20

గీస్తానండీ. ఫైల్ పేరు ఇప్పటికే "ఫైనల్_ఫైనల్_6". సోమవారానికి గేటు రంగు కూడా మార్చాలట, క్రిప్టోమాట్ ఉంది కాబట్టి బతికిపోయాను. పంతులు గారూ, ఆ ఛానెల్స్ పద్ధతి రాత్రి బొమ్మలకి కూడా పనిచేస్తుందా? వాళ్ళకి దీపావళి లైట్లతో ఒకటి కావాలంట.